డాక్టర్ 'స్టేబుల్' అన్నారా.. అంటే బాగున్నట్టేనా? ఐసీయూ బయట వినిపించే ఈ ఒక్క మాటకు అసలు అర్థం ఇదీ..

"స్టేబుల్‌గానే ఉన్నారంట.."

ఈ మాట మీరు వినే ఉంటారు. ఆస్పత్రి వరండాలో వినుంటారు, ఫోన్‌లో వినుంటారు, టీవీ స్క్రోలింగ్‌లో అయితే కొన్ని వందల సార్లు చదివుంటారు. వినగానే మనసు కాస్త కుదుటపడుతుంది. హమ్మయ్య అనుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది. డాక్టర్ చెప్పిన స్టేబుల్ వేరు, మనకు వినపడిన స్టేబుల్ వేరు.

మా ఇంట్లో జరిగిందే చెప్తా.

పోయిన ఏడాది మా పెదనాన్న హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రి ఐసీయూలో ఉన్నారు. న్యుమోనియా ముదిరి, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకింది. మంగళవారం సాయంత్రం డాక్టర్ బయటికొచ్చి మా బాబాయ్‌తో రెండు నిమిషాలు మాట్లాడారు. వెంటిలేటర్ మీద ఉన్నారు, బీపీ నిలబెట్టడానికి మందు నడుస్తోంది, ప్రస్తుతానికి స్టేబుల్. ఇవీ ఆయన చెప్పిన మూడు విషయాలు.

బాబాయ్ మా నాన్నకు ఫోన్ చేసేసరికి అవి రెండయ్యాయి. "వెంటిలేటర్ మీదున్నాడు కానీ స్టేబుల్ అన్నారు అన్నయ్యా." మోకాళ్ల నొప్పులతో ఊళ్లోనే ఉండిపోయిన పెద్దమ్మకు నాన్న చెప్పేసరికి ఒకటే మిగిలింది. "స్టేబుల్ అంట వదినా, భయం లేదు."

డల్లాస్‌లో ఉన్న అన్నయ్య ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అడిగాడు.. "నేను రావాలా?" అని. అన్నయ్య పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపింగ్ గడువు అయిపోయింది. వస్తే మళ్లీ వెళ్లడానికి స్లాట్ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు. గ్రూపులో వరసగా జవాబులు పడ్డాయి. "స్టేబుల్ అంట రా, కంగారు పడకు", "గండం గడిచినట్టే", "వీకెండ్ దాకా చూడు". అన్నయ్య టికెట్ ఆపేశాడు.

గురువారం రాత్రి బీపీ పడిపోయింది. శుక్రవారం తెల్లవారుజామున పెదనాన్న పోయారు. అన్నయ్య శంషాబాద్‌లో దిగింది ఆదివారం పొద్దున.

డాక్టర్ అబద్ధం చెప్పలేదు. బాబాయ్ కూడా చెప్పలేదు. ఆ గ్రూపులో నమస్కారం బొమ్మ పెట్టి "థ్యాంక్ గాడ్" అన్నవాళ్లలో నేనూ ఉన్నా. రోజుకు రెండు మూడు సార్లు 'ఆరోగ్యం నిలకడగా ఉంది' అని డెస్క్‌లో టైప్ చేసే నాకే ఆ మాట అర్థం సరిగ్గా తెలీదని అప్పుడు తెలిసింది.

గోదావరి లెక్కలో చెబితే..

స్టేబుల్ అంటే మారకుండా ఉండటం. అంతే. మంచి అని కాదు, చెడు అని కూడా కాదు. ఎక్కడుందో అక్కడే నిలిచి ఉంది అని.

మన వార్తల భాషలో దీనికి వాడే 'నిలకడ' అన్న మాట చాలా కరెక్ట్ మాట. వానాకాలంలో వరద వార్తలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 దాటితే రెండోది, 53 దాటితే మూడోది. ఇప్పుడు 'నీటిమట్టం 53 అడుగుల దగ్గర నిలకడగా కొనసాగుతోంది' అని వార్త వచ్చిందనుకోండి. అది చూసి పునరావాస కేంద్రంలో ఉన్నవాళ్లు ఎవరైనా సామాను సర్దుకుని ఇంటికి బయల్దేరతారా? బయల్దేరరు. నీళ్లు పెరగడం ఆగింది, కానీ దిగలేదు. ఎగువన వాన పడితే మళ్లీ పెరగొచ్చు, పడకపోతే తగ్గొచ్చు. 2022 జులైలో అదే భద్రాచలం దగ్గర 71.3 అడుగుల దాకా వెళ్లింది. గోదావరి ఒడ్డున పెరిగినవాళ్లకు నిలకడ అంటే ఏంటో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

విచిత్రం ఏంటంటే, అదే జనం ఆస్పత్రి మెట్లెక్కాక 'నిలకడ' అన్నా 'స్టేబుల్' అన్నా 'బాగుంది' అని వింటారు. నది విషయంలో ఎన్ని అడుగుల దగ్గర నిలకడ అని అడుగుతాం. మనిషి విషయంలో ఆ ప్రశ్న అడగం.

ఎందుకిలా? నాకు తోచిన కారణం ఒకటుంది. స్టేబుల్ అన్న ఇంగ్లిష్ మాట మన ఇళ్లలోకి ఆస్పత్రి నుంచి రాలేదు. ఉద్యోగాల నుంచి, పెళ్లి సంబంధాల నుంచి వచ్చింది. "అబ్బాయిది స్టేబుల్ జాబేనా?" అని అడుగుతారు. స్టేబుల్ ఇన్‌కమ్, స్టేబుల్ గవర్నమెంట్, ఫోన్‌లో యాప్‌కి స్టేబుల్ వెర్షన్, స్టేబుల్ నెట్.. ఇలా మనం వాడే ప్రతి చోటా అది మంచి మాటే. ఉన్నది బాగుంది కాబట్టే అది మారకూడదని కోరుకుంటాం. ఆ అలవాటుతోనే ఐసీయూ ముందు నిలబడతాం. అక్కడేమో ఉన్నది బాగోలేదు. బాగోలేనిది మారకుండా ఉంటే అది మంచి వార్త ఎలా అవుతుంది?

ఒక చిన్న పిడకల వేట. స్టేబుల్‌కి, మన 'స్థిరం' అన్న మాటకి దూరపు చుట్టరికం ఉంది. నిలబడటం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి స్టేబుల్ వచ్చింది. అదే అర్థమున్న సంస్కృత ధాతువు 'స్థా' నుంచి స్థిరం, స్థితి, స్థానం వచ్చాయి. రెండు భాషల మూలం ఒకటే. గుర్రపుశాలని కూడా ఇంగ్లిష్‌లో స్టేబుల్ అనే అంటారు. గుర్రాలు నిలబడే చోటు కాబట్టి అదీ ఆ వేరు నుంచే పుట్టింది. సరే, మళ్లీ ఐసీయూకి వద్దాం.

డాక్టర్ దృష్టిలో ఏంటి?

డాక్టర్ స్టేబుల్ అన్నప్పుడు ఆయన కళ్ల ముందు ఉండేది మానిటర్. దాని మీద కొన్ని అంకెలు. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోంది, బీపీ ఎంత, రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం, ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు, జ్వరం ఎంత. వీటినే వైటల్స్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో గుండె వేగం 60 నుంచి 100 మధ్య ఉంటుంది, ఊపిరి 12 నుంచి 20 మధ్య, ఆక్సిజన్ 95 శాతం పైన. గత కొన్ని గంటల్లో ఈ అంకెలు పెద్దగా ఎగుడు దిగుడు కాలేదు అంటే, డాక్టర్ భాషలో పేషెంట్ స్టేబుల్.

మరి అంకెలు బాగుంటే మనిషి బాగున్నట్టే కదా? ఇక్కడే మెలిక. ఆ అంకెలు వాటంతట అవి నిలబడ్డాయా, నిలబెట్టారా అన్నది అసలు ప్రశ్న.

బీపీ 110/70 ఉందనుకుందాం. చక్కటి బీపీ. ఇద్దరు పేషెంట్లకూ అదే ఉంది. ఒకాయన మామూలు బెడ్ మీద కూర్చుని ఇడ్లీ తింటున్నారు. ఇంకొకాయనకు సిరంజి పంపు ద్వారా నోర్‌ఎడ్రినలిన్ అనే మందు చుక్క చుక్కగా మెడ దగ్గరి నరంలోకి వెళ్తోంది. ఆ పంపు ఆపితే కొద్ది నిమిషాల్లోనే బీపీ పడిపోతుంది. మానిటర్ మీద ఇద్దరి అంకే ఒకటే. కానీ మొదటాయన నేల మీద నిలబడ్డారు, రెండో ఆయన్ని నలుగురు పట్టుకుని నిలబెట్టారు.

ఆక్సిజన్ కథ కూడా ఇంతే. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. వెంటిలేటర్ మీద దాన్ని అవసరాన్ని బట్టి 100 శాతం దాకా పెంచొచ్చు. రక్తంలో ఆక్సిజన్ 96 ఉంది అన్నారనుకోండి.. మామూలు గాలితో 96 రావడం వేరు, మెషిన్ 90 శాతం ఆక్సిజన్ ఇస్తే 96 రావడం వేరు. రెండో దాంట్లో ఊపిరితిత్తులు దాదాపు చేతులెత్తేశాయి, మెషిన్ మోస్తోంది.

మా పెదనాన్న విషయంలో డాక్టర్ చెప్పిన మూడు మాటల్లో మొదటి రెండూ ఇవే. వెంటిలేటర్, బీపీ మందు. మూడోది ఆ రెండింటి మీద ఆధారపడిన మాట. మేం మొదటి రెండూ వదిలేసి మూడోది పట్టుకున్నాం.

'హీమోడైనమికల్లీ స్టేబుల్' అని కూడా రిపోర్టుల్లో రాస్తుంటారు. నోరు తిరగని మాటే కానీ అర్థం చిన్నదే. రక్తప్రసరణ.. అంటే బీపీ, గుండె వేగం.. ప్రస్తుతానికి నిలకడగా ఉన్నాయని. మెదడు ఎలా ఉంది, కిడ్నీలు ఎలా ఉన్నాయి, స్పృహ ఉందా లేదా అన్నవి అందులో రావు.

'క్రిటికల్ బట్ స్టేబుల్' సంగతేంటి?

సెలబ్రిటీల హెల్త్ బులెటిన్లలో ఎక్కువగా కనిపించే మాట ఇది. మేం తెలుగులో 'విషమంగా ఉన్నా నిలకడగా ఉంది' అని రాస్తాం. రాసేటప్పుడు నాకే ఏదోలా ఉంటుంది. విషమం అంటున్నాం, నిలకడ అంటున్నాం, చదివేవాళ్లు ఏం అనుకోవాలి?

అమెరికాలో ఆస్పత్రుల సంఘం, అమెరికన్ హాస్పిటల్ అసోసియేషన్, బయటికి చెప్పేటప్పుడు ఏ మాటలు వాడాలో ఒక వరస సూచించింది. గుడ్, ఫెయిర్, సీరియస్, క్రిటికల్.. ఇంకా తేలకపోతే అన్‌డిటర్మిన్డ్. ఆ వరసలో స్టేబుల్ లేదు. లేకపోవడమే కాదు, దాన్ని ఒక కండిషన్‌గా వాడొద్దని, క్రిటికల్ లాంటి మాటలకు జత చేయొద్దని కూడా ఆ సంఘం చెప్పింది. క్రిటికల్ అంటేనే వైటల్స్ నిలకడగా లేవని అర్థం, మళ్లీ దాని పక్కనే నిలకడ అంటే ఎలా అన్నది వాళ్ల వాదన. అయినా డాక్టర్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు ఈ మాట వాడతారు. తమకు ఉపయోగపడుతుంది కాబట్టి వాడతారు. ప్రమాదంలో ఉన్నాడు, కానీ ఈ గంటకి జారిపోవట్లేదు అని వాళ్లకు ఒక్క ముక్కలో అర్థమైపోతుంది. ఆ ముక్క గోడ దాటి మనదాకా వచ్చేసరికి సగం అర్థం రాలిపోతుంది.

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. 2020 ఆగస్టు 5న కరోనాతో చెన్నైలో ఆస్పత్రిలో చేరారు. లక్షణాలు స్వల్పమేనని, కంగారు పడొద్దని ఆయనే వీడియోలో చెప్పారు. ఆగస్టు 13 రాత్రి పరిస్థితి విషమించింది. ఆ తర్వాతి వారాల్లో వచ్చిన బులెటిన్లలో వెంటిలేటర్, ఎక్మో అన్న మాటల పక్కనే స్టేబుల్ అన్న మాట కూడా కనిపిస్తూ వచ్చింది. ఎక్మో అంటే శరీరంలోంచి రక్తాన్ని బయటికి తీసి, మెషిన్‌లో ఆక్సిజన్ ఎక్కించి, మళ్లీ లోపలికి పంపే ఏర్పాటు. ఊపిరితిత్తులు చేయాల్సిన పని మెషిన్ చేస్తుంది. సెప్టెంబర్ 24న పరిస్థితి అత్యంత విషమం అని బులెటిన్ వచ్చింది. 25 మధ్యాహ్నం ఆయన కన్నుమూశారు.

అప్పటికి నేను ఇంకా చదువుకుంటున్నా. ఆ రోజు మా హాస్టల్‌మేట్స్ గ్రూపులో అందరిదీ ఒకటే మాట.. "మొన్నటిదాకా స్టేబుల్ అన్నారు కదా!" అని. ఆ బులెటిన్లలో తప్పేం లేదు. ఎక్మో అన్న మాట కూడా వాటిలోనే ఉంది. మనం ఆశగా వెతుక్కున్నది మాత్రం స్టేబుల్ అన్న మాటనే. మా లాంటి వాళ్లు హెడ్డింగ్‌లో పెట్టిందీ దాన్నే.

ఇది మా తప్పు కూడా, ఒప్పుకోవాలి. బులెటిన్ వచ్చిన నిమిషంలో స్క్రోల్ వెళ్లాలి. స్క్రోల్‌కి నాలుగైదు మాటలే పడతాయి. 'ఎక్మో సపోర్టుపై, మార్పు లేదు' అన్నదానికంటే 'నిలకడగా ఆరోగ్యం' అన్నది చిన్నగా, చదవడానికి హాయిగా ఉంటుంది. పోతే 'ప్రాణాపాయం లేదు', 'కోలుకుంటున్నారు' అనే మాటలు కూడా ఈ కంగారులో ఒకదాని బదులు ఒకటి పడిపోతుంటాయి. నిలకడ అంటే మార్పు లేదు. కోలుకుంటున్నారు అంటే మెరుగుపడుతున్నారు. ప్రాణాపాయం లేదు అంటే గండం దాటారు. ఈ మూడూ ఒకటి కాదు. డాక్టర్ మొదటిది చెబితే మూడోది రాయకూడదు. ఇప్పుడు మా డెస్క్‌లో నేను రాసేటప్పుడు 'నిలకడ' ముందు దేని మీద నిలకడో కూడా రాస్తున్నా. రెండు మాటలు ఎక్కువైనా సరే.

మరి డాక్టర్‌ని ఏం అడగాలి?

ఐసీయూ డాక్టర్ బయటికొచ్చి మాట్లాడేది కొద్ది నిమిషాలే. ఆ టైమ్‌లో "ఎలా ఉన్నారు సార్?" అని అడిగితే "స్టేబుల్" అనే వస్తుంది. ఎలా ఉన్నారు అన్న ప్రశ్నకు అంతకంటే పొట్టి జవాబు లేదు మరి. కాబట్టి ప్రశ్న మార్చాలి.

"నిన్నటి మీద ఈ రోజు ఎలా ఉన్నారు?" అని అడగండి. దీనికి స్టేబుల్ అని చెప్పినా, మెరుగు లేదు అని మీకు అర్థమవుతుంది. ఆ వెంటనే "సపోర్ట్ ఎంత మీద ఉన్నారు, తగ్గించారా పెంచారా?" అనండి. ఆక్సిజన్ నిన్న 80 శాతం ఇచ్చి ఈ రోజు 50కి తగ్గించారంటే అది మంచి వైపు నడక. బీపీ మందు ఒకటి చాలక రెండోది మొదలుపెట్టారంటే, మానిటర్ మీద బీపీ అంతే ఉన్నా, పరిస్థితి కిందికి జారినట్టు. స్పృహ ఉందా, లేకపోతే అది మత్తుమందు వల్లా, జబ్బు వల్లా? యూరిన్ వస్తోందా? ఈ రెండూ కూడా అడగొచ్చు. కిడ్నీల సంగతి యూరిన్ చెబుతుంది.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇంకోటుంది. అది అడగడానికి నోరు రాదు. "సార్, దూరంలో ఉన్నవాళ్లని రమ్మని చెప్పమంటారా?" అన్న ప్రశ్న. అపశకునం అనుకుని మనం అడగం, అడగలేదు కాబట్టి వాళ్లూ చెప్పరు. అదే ప్రశ్న ఇంకోలా అడగొచ్చు.. "మీ నాన్నగారే అయితే మీరు టికెట్ బుక్ చేసుకుంటారా?" అని. నాకు తెలిసిన ఒక ఐసీయూ నర్సు చెప్పిన మాట ఇది. ఈ ప్రశ్నకు డాక్టర్లు మెడికల్ భాషలో జవాబు చెప్పలేరంట, కాసేపు ఆగి మామూలు మనిషిలా చెప్తారంట.

విదేశాల్లో ఉన్న పిల్లలకు అసలు అవసరమైన సమాచారం ఇదొక్కటే. వాళ్లు ఆరోగ్యం గురించి అడగట్లేదు, ప్రయాణం గురించి అడుగుతున్నారు. లీవు, వీసా, టికెట్ రేటు, చిన్న పిల్లలు.. ఇవన్నీ ఒక తట్టలో పెట్టుకుని, రెండో తట్టలో మనం పంపే 'స్టేబుల్' పెట్టుకుని తూస్తున్నారు. ఆ తట్టలో పెట్టే మాట ఎంత బరువుందో పంపేవాళ్లకు తెలియాలి.

డాక్టర్‌ని ఇన్ని అడిగితే కోప్పడతారేమో అన్న మొహమాటం చాలామందికి ఉంటుంది. కానీ ఇది మనం బతిమాలుకోవాల్సిన విషయం కాదు. డాక్టర్ల వృత్తి నియమావళి 2002లో వచ్చింది. పేషెంట్ పరిస్థితి తీవ్రతను డాక్టర్ పెంచి చెప్పకూడదు, తగ్గించీ చెప్పకూడదు అని అందులో ఉంది. కుటుంబానికి పరిస్థితి తగినంతగా తెలిసేలా చూడాలని కూడా ఉంది. పేషెంట్ గానీ, వాళ్ల తరఫున అధికారం ఉన్నవాళ్లు గానీ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది కూడా అందులోని నియమమే. సెకండ్ ఒపీనియన్ కావాలంటే ఆ కాగితాలే పనికొస్తాయి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. సిరంజి పంపు మీద ఎంఎల్ అంకె చూసి మనమే లెక్కలు కట్టకూడదు. మందు ఎంత గాఢంగా కలిపారో ఆస్పత్రిని బట్టి మారుతుంది. అంకెలు అడిగి రాసుకోవడం వరకే మన పని, వాటి అర్థం డాక్టర్ నోటే వినాలి.

ఇలాగే మోసం చేసే ఇంకో చిన్న మాట 'సిక్'. "పేషెంట్ చాలా సిక్‌గా ఉన్నారు" అని ఐసీయూ డాక్టర్ అంటే అది మనం ఆఫీసులో పెట్టే సిక్ లీవ్ లాంటి సిక్ కాదు. పరిస్థితి ప్రమాదంగా ఉంది అని చెబుతున్నట్టు.

యాక్సిడెంట్ కేసుల్లో 'స్టెబిలైజ్'

ఇదే మాట క్రియగా మారి రోడ్డు ప్రమాదాల దగ్గర వినిపిస్తుంది. "ముందు స్టెబిలైజ్ చేసి, తర్వాత పెద్దాస్పత్రికి పంపుతాం" అంటారు. చాలామంది బంధువులు ఇక్కడ గొడవపడతారు. ఇక్కడెందుకు టైమ్ వేస్ట్, నేరుగా హైదరాబాద్ తీసుకుపోతాం అంటారు. కానీ రక్తం కారుతుండగా, ఊపిరి అందకుండా ఉన్న మనిషిని మూడు గంటలు అంబులెన్స్‌లో తిప్పితే దారిలోనే ప్రాణం మీదికి వస్తుంది. రక్తం ఆపడం, సెలైన్ గానీ రక్తం గానీ ఎక్కించడం, శ్వాస అందే దారి చూడటం, మెడ కదలకుండా కాలర్ పెట్టడం.. ఇవి చేశాక ప్రయాణం తట్టుకునే స్థితి వస్తుంది. ఆ స్థితే ఇక్కడ స్టేబుల్. జబ్బు తగ్గిందని కాదు, దారిలో ప్రమాదం రాకపోవచ్చని.

ఈ అర్థం చట్టంలోనే ఉంది. కేంద్రం 2010లో తెచ్చిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, ఎమర్జెన్సీలో వచ్చిన పేషెంట్‌ని తమకున్న సిబ్బంది, సౌకర్యాల మేరకు ఆస్పత్రి స్టెబిలైజ్ చేయాలని చెబుతుంది. వేరే చోటికి తరలించేటప్పుడు పరిస్థితి దిగజారకుండా చేసే చికిత్సే స్టెబిలైజ్ చేయడం అని నిర్వచనం కూడా ఇచ్చింది. అన్ని రాష్ట్రాల్లోనూ ఆ చట్టం అమల్లో లేదు కానీ, ఆ మాటకు ఇంతకంటే సూటి అర్థం నేనెక్కడా చూడలేదు.

అన్ని చోట్లా అనుమానించక్కర్లేదు

ఇంతా చదివి స్టేబుల్ అంటేనే భయపడిపోకండి. కొన్ని చోట్ల అది నిజంగానే మంచి మాట.

క్యాన్సర్ పేషెంట్ల స్కాన్ రిపోర్టులో 'స్టేబుల్ డిసీజ్' అని వస్తుంది. చాలామంది అది చూసి డీలా పడిపోతారు, ఇన్ని కీమోలు చేయించినా తగ్గలేదా అని. డాక్టర్లు వాడే కొలమానంలో గడ్డల సైజు 30 శాతం తగ్గితే స్పందన ఉన్నట్టు, 20 శాతం పెరిగితే ముదిరినట్టు లెక్క. ఆ రెండింటి మధ్యలో ఉంటే స్టేబుల్. పెరిగే గుణమున్న జబ్బు పెరగకుండా ఆగింది అంటే చాలా సందర్భాల్లో మందు పనిచేస్తున్నట్టే. చూశారా, ఐసీయూలో మనం ఎక్కువ సంతోషపడుతున్నాం, ఇక్కడ తక్కువ సంతోషపడుతున్నాం. మాట ఒకటే.

గుండె డాక్టర్ దగ్గర 'స్టేబుల్ ఆంజైనా' అంటారు. మెట్లెక్కినప్పుడో, వేగంగా నడిచినప్పుడో ఛాతీలో నొప్పి వచ్చి, ఆగితే తగ్గిపోతుంది. ఎప్పుడొస్తుందో, ఎంతసేపుంటుందో ముందే తెలిసిన నొప్పి కాబట్టి స్టేబుల్. వైద్యం అవసరమే, కానీ పరుగెత్తాల్సిన పని లేదు. అదే నొప్పి ఊరికే కూర్చున్నప్పుడు వచ్చినా, మునుపటి కంటే ఎక్కువైనా దాని పేరు 'అన్‌స్టేబుల్ ఆంజైనా'. అప్పుడు గ్యాస్ నొప్పేలే అని సోడా తాగుతూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ కొట్టాలి.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ సమ్మరీ చివర కూడా 'డిశ్చార్జ్ సమయంలో కండిషన్: స్టేబుల్' అని ఉంటుంది. ఆ గంటకి వైటల్స్ నిలకడగా ఉన్నాయి, ఇంటికి పంపొచ్చు అని దానర్థం. జబ్బు నయమైందని కాదు. మళ్లీ ఎప్పుడు రావాలో, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలో అదే కాగితం మీద రాసుంటుంది. స్టేబుల్ చూసి ఫైలు బీరువాలో పెట్టేస్తే ఆ లైన్లు ఎవరూ చదవరు.

మా గ్రూపులో ఇప్పుడు..

మొన్నామధ్య మా అత్తయ్యకు ఆయాసం ఎక్కువై ఆస్పత్రిలో చేర్పించారు. మూడు రోజులు ఐసీయూ. అదే గ్రూపు, అదే జనం. ఈసారి అప్‌డేట్స్ పెట్టింది అత్తయ్య కూతురు. సాయంత్రం డాక్టర్‌తో మాట్లాడి వచ్చాక ఆమె పెట్టిన మెసేజ్ ఇలా ఉంది..

"నిన్న ఆక్సిజన్ 60 శాతం ఇచ్చారు, ఈ రోజు 45. మాస్క్ మీదే ఉంది, గొట్టం వేయలేదు. బీపీ మందు ఏం లేదు. స్పృహలో ఉంది, నన్ను గుర్తుపట్టి తిట్టింది కూడా. రేపటికి ఇంకా తగ్గిస్తే వార్డుకి మారుస్తారంట. దూరం వాళ్లు రావక్కర్లేదని డాక్టరే చెప్పారు, నేనే అడిగా."

కింద అన్నయ్య డల్లాస్ నుంచి ఒక్క మాటే రాశాడు. "రేపటి నంబర్ కూడా పెట్టు."